మూడోసారి అడగలేదు

సంచి నేనే సర్దాను. అమ్మ ఆ పని నాకు వదిలేసి వంటింట్లోకి వెళ్లింది. నాన్న ఉన్ని మోసుకొచ్చే ముతక గుడ్డ సంచి అది. రెండుసార్లు ఉతికినా గొర్రెల వాసన పోలేదు. అడుగున చలికాలపు చొక్కాలు రెండు పెట్టాను. వాటి మీద ప్రార్థన శాలువా, ఆ పైన పాత దుప్పటి ముక్కలో చుట్టిన పనిముట్లు. మా అన్న ఫ్రాజి వెండి పని చేసేవాడు. చిన్న సుత్తి, పట్టకారు, మూడు ఆకురాళ్లు. తర్వాత, వేయించిన పిండిలో ఖర్జూరం కలిపి అమ్మ కట్టిన ఉండలు. పక్కన ఆలివ్ నూనె డబ్బా. నూనె కారుతుందేమోనని మూత చుట్టూ మైనం పూశాను. మళ్లీ భయమేసి ఇంకోసారి పూశాను.

"ఆ మైనం చూస్తే లోపల నూనె కాదు, రాజుగారి నిధి ఉందనుకుంటారు," అంది కమూనా అత్త. ఆవిడ నాన్నకి అక్క. గుమ్మంలో కూర్చుని గుమ్మడి గింజలు కొరుకుతోంది. "వాడితో మాటల్లేవు గానీ వాడి నూనెకి మాత్రం ఎంత సేవో!"

నేను వీధి తలుపు వైపు చెవి పెట్టి ఉన్నాను. అన్న వస్తాడు, ఒక మాట అడుగుతాడు. అడిగితే చెప్పాల్సిన మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. "క్షమించాను." అంతే. పొద్దుటి నుంచి దాన్ని నాలుక మీద పెట్టుకునే తిరుగుతున్నాను.

అది 1953, సెప్టెంబర్ పదహారు, బుధవారం. పాపాలు కడిగే కిప్పూర్ ఉపవాసానికి ఇంక మూడు రోజులుంది. మా యూదుల కొత్త దేశానికి వెళ్లే ఓడ, ఉపవాసం మర్నాడు ట్యూనిస్ నుంచి బయల్దేరుతుందని, వెళ్లేవాళ్లంతా ముందే అక్కడికి చేరాలని కబురు వచ్చింది. మా జెర్బా దీవి నుంచి ఆ వారం తొమ్మిది కుటుంబాలు వెళ్తున్నాయి. ఒంటరిగా వెళ్తున్నది మా అన్నే. బస్సు పన్నెండింటికి.

అన్న నాకు చేసిన అన్యాయం ఏమిటో చెప్పాలి.

ఆ ఏడు పస్కా పండుగ తర్వాత నాకు పెళ్లి కుదిరింది. చిన్న పేటలో ఉండే రహ్మీన్ అనే అబ్బాయి. నేనతన్ని రెండుసార్లే చూశాను, రెండుసార్లూ నచ్చాడు. మాట్లాడే ముందు కాస్త ఆగేవాడు. ఆ ఆగడం నాకు నచ్చింది. మాట ఖాయమైనందుకు వాళ్లు నాకు కడియాలు పెట్టారు. ఆ కడియాలు చేసింది మా అన్నే.

నాకు తొమ్మిదో ఏట రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి మా ఇంటి గోడలు దాటలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం వెండి అంగళ్ల సందులో పని కట్టేసి మగవాళ్లు అంజూరపు సారా తాగుతున్నారు. రహ్మీన్ నాన్న మా అన్నని అడిగాడట: "పిల్లకి ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు కదా?" పెళ్లి విషయంలో అడిగినవాడికి నిజం చెప్పాలి. ధర్మం అదే. కానీ అడిగినవాడికే చెప్పాలి, చాటున చెప్పాలి, అవసరమైనంతే చెప్పాలి. నిజమైన మాటతో కూడా మనిషిని చంపొచ్చని మావాళ్లు పసిపిల్లలకే నేర్పుతారు. మా అన్న ఐదుగురి ముందు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. వాడి నాలుకకి హాస్యం ఎక్కువ. నేనెలా పడిపోయేదాన్నో, కాళ్లు ఎలా కొట్టుకునేదాన్నో నేల మీద పడి చేసి చూపించాడు. వాళ్లు నవ్వారు. ఇంకోసారి చేసి చూపించాడు.

ఆదివారం రహ్మీన్ అమ్మ వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా, మాట వెనక్కి తీసుకుంది. కడియాలు మేము తిరిగి పంపేశాం. వారం తిరక్కుండా నేను నీళ్లకి వెళ్తే వెనక నుంచి ఆడవాళ్లు "పడిపోయే పిల్ల" అనుకోవడం నా చెవిన పడింది.

వేసవంతా అన్నతో మాట్లాడలేదు. వాడు నా ముందు కోతి చేష్టలు చేసేవాడు, పిల్లిలా అరిచేవాడు. ఇంకా నవ్వించి గట్టెక్కొచ్చనుకున్నాడు. నేను కంచం తీసుకుని వేరే గదిలోకి వెళ్లి తినేదాన్ని.

మా పేటలో కొత్త సంవత్సరానికీ కిప్పూర్‌కీ మధ్య పది రోజులు తలుపులు తట్టే చప్పుడు ఆగదు. దేవుడికి చేసిన తప్పుల్ని ఆ ఉపవాసం కడిగేస్తుంది. మనిషికి చేసిన తప్పుని మాత్రం ఆ మనిషే కడగాలి. అందులో దేవుడు కూడా చెయ్యి పెట్టడు. అందుకే మనస్పర్థలున్న వాళ్లంతా ఒకరింటికొకరు వెళ్తారు. దీనికో పద్ధతి ఉంది. తప్పు చేసినవాడు వెళ్లి అడగాలి. కాదంటే ముగ్గురు మగవాళ్లని వెంటబెట్టుకుని రెండోసారి రావాలి. అప్పుడూ కాదంటే మూడోసారి. మూడోసారి కూడా కాదంటే వాడి బాధ్యత తీరిపోయినట్టు. ఇక ఆ పాపం వాడిది కాదు, కాదన్నవాళ్లది.

ఇది నేను పుస్తకంలో చదివాను. మా కాలంలో ఆడపిల్లలకి చదువు చెప్పేవారు కాదు. అన్న చిన్నప్పుడు ఇంట్లో పాఠం గట్టిగా వల్లించేవాడు. నేను పక్కన కూర్చుని ఉన్ని దువ్వుతూ వినేదాన్ని. వాడు బయటికి పోగానే పుస్తకం తెరిచి, వాడి గొంతులో విన్న మాటల్ని అచ్చులో వెతుక్కునేదాన్ని. అలా పన్నెండో ఏటికి చదవడం వచ్చింది. నాన్న అలమారలో ఉన్నవన్నీ చదివాను. ఇంట్లో శాస్త్రం తెలిసిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అని లోపల ఎంతో గర్వం. ఆ గర్వం గురించి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మొదటిసారి అన్న ఆదివారం వచ్చాడు. నేను వాకిట్లో ఉన్ని దువ్వుతున్నాను.

"గజాలా, నీతో మాట్లాడాలి."

"గోడతో మాట్లాడు," అంది కమూనా అత్త. "అది ముందు పలుకుతుంది."

"అత్తా, నువ్వొక్క నిమిషం గింజలు కొరకడం ఆపు. గజాలా, నన్ను క్షమించు."

"దేనికి?"

"నీకు తెలుసుగా."

"నీ నోటితో చెప్పు."

వాడు తల గోక్కున్నాడు. "రహ్మీన్ సంగతి. కానీ చూడు, ఎవరికి ఎవరో పుట్టకముందే పైన రాసిపెట్టి ఉంటుంది. వాడు నీవాడే అయితే నా నోటితో ఆగేదా? రాసిలేదు, అంతే."

నాకు ఒళ్లు మండింది. "అయితే నేల మీద పడి కాళ్లు కొట్టుకున్నది కూడా పైనుంచి రాసిపెట్టిందేనా? దేవుడే నిన్ను కింద పడేసి ఆడించాడా?"

"అబ్బ, అలా కాదే..."

"వాన ఆయన చేతిలో ఉంది. మూర్ఛ ఆయన చేతిలో ఉంది, నాకిచ్చాడు, నేనేమన్నా అన్నానా? నోరు మాత్రం నీకే వదిలేశాడు. తప్పు ఆయనదైతే ఆయన్నే వెళ్లి క్షమించమను. నా దగ్గరికెందుకొచ్చావు?"

అత్త గింజలు కొరకడం మానేసింది. అన్న వెళ్లిపోయాడు. నాకు గెలిచినట్టు అనిపించింది. ఇప్పటికీ ఆ వాదన తప్పని నేను అనను. వాదన సరైనదే.

మంగళవారం సాయంత్రం ముగ్గురితో వచ్చాడు. ముందు హువీటా, అన్నకి ప్రాణ స్నేహితుడు, పక్క అంగడి వాడు. వెనక ఇంకో ఇద్దరు. ముగ్గురూ ఇంటి గోడకి ఆనుకుని, పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలా సిగ్గుపడుతూ నిలబడ్డారు. అన్న ఈసారి నవ్వలేదు.

"నీ గురించి ఐదుగురి ముందు చెప్పాను. నిన్ను ఆటపట్టించాను. తప్పు చేశాను, క్షమించు." అక్కడితో ఆగితే బావుండేది. "పెళ్లయ్యాక తెలిసి ఉంటే నిన్ను పుట్టింటికి పంపేసేవాళ్లు. అది కూడా ఒకసారి ఆలోచించు."

"అంటే నాకు మేలే చేశావన్నమాట."

"మేలని కాదు..."

"హువీటా అన్నా," అన్నాను, "నువ్వు సాక్షివి కదా. ఇతను క్షమాపణ అడుగుతున్నాడా, బహుమానం అడుగుతున్నాడా?"

హువీటా నేల చూశాడు. "చెల్లెమ్మా, వాడు రేపు పోతున్నాడు. ఎక్కడికి పోతున్నాడో, ఏం తింటాడో తెలీదు. అనేసెయ్యి."

"లేదు," అన్నాను.

లోపల ఏమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. ఇంకోసారి ఉంది అనుకున్నాను. శాస్త్రం నాకు మూడుసార్లు ఇచ్చింది, రెండే అయ్యాయి. రేపు పొద్దున్న వస్తాడు, సాకులు లేకుండా అడుగుతాడు, అప్పుడు ఇస్తాను. చేసింది చిన్న తప్పు కాదని వాడికి తెలియాలి. నా వేసవి మొత్తానికి ఒక రాత్రి బాధపడితే పోయేదేముంది? ఆ లెక్క వేసుకుని, పడుకుని, హాయిగా నిద్రపోయాను కూడా.

బుధవారం పదకొండింటికి అన్న ప్రార్థన నుంచి వచ్చాడు. వెనక హువీటా, వాడి వెనక ఆ ఇద్దరూ. ముగ్గురూ ఉన్నారు. వచ్చేశాడు, ముగ్గురినీ తెచ్చాడు, ఇప్పుడు అడుగుతాడు. నేను లేచి తలగుడ్డ సర్దుకున్నాను.

"సంచి ఇదేనా?" అన్నాడు హువీటా. "బాబోయ్, ఇందులో మీ అత్తని గానీ పెట్టారా?"

"నన్ను పెడితే ఓడ మునిగిపోద్ది," అంది అత్త. అంటూనే ఏడ్చింది.

వాళ్లు సంచి మొయ్యడానికి వచ్చారు.

నాన్న అన్న తల మీద రెండు చేతులూ పెట్టి ఆశీర్వాదం చెప్పాడు. మధ్యలో ఆపి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. అమ్మ వాడి చొక్కా బొత్తాం పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. అన్న నా వైపు తిరిగాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం. వాడి నోరు కదిలింది. నేను ఆ మాటని పళ్ల వెనక పట్టుకుని నిలబడ్డాను.

"గజాలా. ఉపవాసం రోజు ఎండలో నిలబడకు. ముందు రోజు నీళ్లు బాగా తాగు."

అంతే అన్నాడు. నాకు మళ్లీ మూర్ఛ గుర్తు చేస్తున్నాడనిపించింది. పోయేటప్పుడు కూడా అదే మాటా అని మొహం తిప్పుకున్నాను. వాడు గడప దాటాడు. వెళ్లినవాడు తిరిగి రావాలని అమ్మ వెనకాలే గడప మీద చెంబెడు నీళ్లు పోసింది. మా పేటలో అందరూ పోస్తారు.

బస్సు దాకా నేను వెళ్లలేదు. వాకిట్లో నిలబడి, ఇంకా టైముంది, వెనక్కి వస్తాడు, అనుకున్నాను. పన్నెండూ పదికి దూరంగా హారన్ వినిపించింది. పరిగెత్తి ఉంటే అందుకునేదాన్నే. పేట చివర మలుపులో ఆ బస్సు ఎప్పుడూ చాలాసేపు ఆగేది, గొర్రెల్ని పైకెక్కించడానికి. ఈ సంగతి కూడా నాకు అప్పుడే తెలుసు.

చలికాలంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. నాకు అచ్చు చదవడమే వచ్చు, చేతిరాత రాదు. నాన్న పైకి చదివేవాడు. గుడారంలో ఉన్నానని, వెండి పని అడిగే దిక్కు లేదని, ఎడారిలో నీటి గొట్టాలకి గుంతలు తవ్వే పనిలో చేరానని రాశాడు. తన చేతులిప్పుడు కమూనా అత్త మడమల్లా ఉన్నాయట. అత్త పడీ పడీ నవ్వింది. చివర "గజాలా ఎలా ఉంది" అని ఒక ముక్క. అడగాల్సింది మాత్రం లేదు.

"నన్ను ఏమైనా అడిగాడా నాన్నా?"

"ఎలా ఉన్నావని అడిగాడుగా."

"బావున్నానని రాయి," అన్నాను. నాన్న చేత ఆ మాట రాయించడం నాకిష్టం లేదు. అది మా ఇద్దరి మధ్యది. పైగా వచ్చే ఏడు కిప్పూర్ ఉంది. ఆ ముందు ఉత్తరంలో తప్పకుండా అడుగుతాడు. ఈలోగా చేతిరాత నేర్చుకుని స్వయంగా జవాబు రాస్తాననుకున్నాను. నాన్న పాత ఉత్తరాలు ముందేసుకుని అక్షరాలు దిద్దుకున్నాను. వేసవి వచ్చేసరికి నా పేరు, వాడి పేరు, "క్షమించాను" అనే మాట తప్పులేకుండా రాయగలిగాను.

ఆగస్టు చివర్లో వచ్చిన ఉత్తరం అన్నది కాదు. ఆ గుడారాల్లో ఉండే మా పేట మనిషి ఎవరో రాశాడు. నాన్న సగం చదివి కాగితం మడిచేశాడు. జరిగి అప్పటికి నలభై రోజులు దాటింది.

ముప్పై రోజులు దాటాక తెలిసిన చావుకి మా శాస్త్రంలో సంతాపం ఒక్క గంటే. దగ్గర్లో పోతే ఏడు రోజులు నేల మీద కూర్చుంటాం, పేట పేటంతా ఇంటికి వస్తుంది. దూరపు కబురుకి ఒక్క గంట. చెప్పులు విడిచి, అందరం చాప మీద కూర్చున్నాం. గుడ్లు ఉడకబెట్టి పక్కింటివాళ్లు తెచ్చారు. నాన్న గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. ముల్లు తిరిగొచ్చాక లేచాడు.

"లే," అన్నాడు అమ్మతో.

"అయిపోయిందా?"

"గంటయింది."

"ఇరవై ఆరేళ్ల కొడుక్కి గంటేనా?"

"శాస్త్రం లెమ్మంటోంది."

"శాస్త్రం ఏ పిల్లాణ్ణి కన్నదట?" అంది అమ్మ. ఆవిడ జీవితంలో అలాంటి మాట అదొక్కటే. "మీరు లేవండి. నేను లేవను."

కమూనా అత్త వెళ్లి, మాటలేం అనకుండా, అమ్మ చంకల కింద చేతులేసి లేపింది. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఉత్త కుండలో గరిటె తిప్పుతూ నిలబడింది.

దేవుడు ఇలా ఎందుకు చేశాడని నాన్న అడగలేదు. ఎందుకు చేస్తాడో మనకి అందదు అనేవాడు. నాకు ఆ ప్రశ్నతో పని లేదు. గుంతలో మట్టి ఎందుకు కూలిందో దేవుడి లెక్క. నేను నోరెందుకు విప్పలేదో ఆయన లెక్కలో లేదు. అది నాది.

మర్నాడు హువీటా వచ్చాడు. నాన్న పక్కన కాసేపు కూర్చుని, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"అన్నా," అన్నాను, "ఆ రోజు మీరు ముగ్గురూ వచ్చారు కదా. వాడు నన్నెందుకు అడగలేదు? అంత రోషమా?"

"రోషమా? వాడికా?" హువీటా గోడకి ఆనుకున్నాడు, మునుపటి చోటే. "మంగళవారం మీ ఇంట్లోంచి బయటికొచ్చాక నేనే చెప్పాను, రేపు బస్సెక్కే ముందు ఇంకొక్కసారి అడుగు, అవునంటే మంచిది, కాదన్నా నీ బరువు దిగిపోతుంది అని. వాడు సందు మధ్యలో ఆగిపోయాడు. 'కాదంటే?' అన్నాడు. 'కాదంటే నువ్వు ఒడ్డునపడ్డట్టే.' 'మరి ఆ పాపం?' 'అది ఆమె మీదికి పోతుంది, శాస్త్రం అంతేగా' అన్నాను. వాడు అన్నాడు: 'ఉపవాసం రోజు అది ఆ బరువుతో కూర్చోవాలా, నా మూలంగా? ఇప్పటికే దాని నెత్తిన ఒకటి పెట్టాను. మూడోసారి అడగను. రెండు దగ్గరే ఉండనీ. పాపం నా దగ్గరే ఉంటుంది.' నేను పిచ్చోడా అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు."

"నేను అవునందామనుకున్నాను," అన్నాను.

"ఆ?"

"బుధవారం. అవునందామనే ఉన్నాను."

హువీటా నన్ను చూశాడు. తలుపు గొళ్లెం తీసి వెళ్లిపోయాడు. తర్వాత నలభై ఏళ్లు అదే పేటలో ఉన్నాం, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మా అన్న అనాలోచితంగా చాలా మాటలన్నాడు. బాగా ఆలోచించి అననిది ఒక్క మాట. అది నన్ను కాపాడటానికి మింగేశాడు. నేను అనాల్సిన మాట గెలవడానికి దాచుకున్నాను. ఇద్దరం చేతులారా ఎంచుకున్నాం. ఎవరూ మా నోళ్లు మూయలేదు.

నేను పుస్తకం మళ్లీ తీశాను. బాధపడ్డవాడు చనిపోతే తప్పు చేసినవాడు పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్లి ఒప్పుకోవాలని ఉంది. తప్పు చేసినవాడే ముందు పోతే, ఇద్దామనుకుంటూ ఇవ్వని మనిషి ఏం చెయ్యాలో లేదు. ముందు పేజీలు చూశాను, వెనక పేజీలు చూశాను. చివరికి మా మతగురువు రబ్బీ మక్లూఫ్ గారి ఇంటికి వెళ్లి, ఆయన భార్య పక్కన కూర్చుని, ఎవరి కథో అన్నట్టు చెప్పి అడిగాను. ఆయనకి అర్థమైపోయింది.

"మూడు అనేది అడిగేవాడికి పెట్టిన లెక్కమ్మా," అన్నాడు మెల్లగా. "వాడు విసుగుపడి మానెయ్యకూడదని. ఇచ్చేవాళ్లకి లెక్క పెట్టలేదు. మొదటిసారే ఇవ్వొచ్చు. అడక్కపోయినా ఇవ్వొచ్చు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు అను."

"వింటాడా?"

"తెలీదమ్మా," అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద నాకు గౌరవం.

ఏటా కిప్పూర్ ముందు పది రోజులూ అంటున్నాను. వాకిట్లో నిలబడి పైకే అంటాను. ఎవరైనా నన్ను క్షమాపణ అడగడానికి వస్తే వాళ్లు నోరు తెరవకముందే క్షమించాను అనేస్తాను. దేనికో కూడా అడగను. ఆ ముసలిదానికి మతి పోయిందనుకుంటారు, అనుకోనీ. తర్వాత కూడా చాలామంది వెళ్లారు, యాభై ఆరులో, అరవై ఏడులో. ఎవరు వెళ్తున్నా బస్సు దాకా వెళ్లాను, అది కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లలో కొందరు వేసవులకి వచ్చి పోతుంటారు.

ఫ్రాజి రాలేదు. 1954 జూలై ఇరవై, మంగళవారం, బెయేర్షెబా దగ్గర నీటి గొట్టాల కోసం తవ్విన గుంతలో మట్టి కూలి చనిపోయాడు. కిప్పూర్‌కి ఇంకా డెబ్బై తొమ్మిది రోజులుంది.